మరుగుదొడ్డి తిన్నె

ఇంటి మరమ్మతులలో మరుగుదొడ్డి పాత పళ్లెమును పెల్లగించి, తిన్నెను ఎత్తుచేసి, క్రొత్త పళ్లెమును కూర్చుట నేడు మేస్త్రీలకు సామాన్యమైన పని. అయినను ఈ ఎత్తునకు ఒక చరిత్ర కలదు. పూర్వపు తిన్నె మనుష్యుని చేతికై ఎత్తబడినది. నేటి తిన్నె నీటి వాలుకై ఎత్తబడుచున్నది. ఈ భేదమే ఇచట విచారింపదగిన విషయము.

ఎమ్మిగనూరు అను పేరుగల ఊళ్లు సరిహద్దునకు ఇరువైపుల నున్నవి: ఒకటి బళ్లారి జిల్లాలో, మరియొకటి కర్నూలు జిల్లాలో. రెండవది ఆదోని తాలూకాలోనిదై, 1953 వరకు బళ్లారి జిల్లాకే చెందియుండెను. ఆ యేటి అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రరాష్ట్రమున చేరగా, బళ్లారి మైసూరు రాష్ట్రమున కలిసెను. పాలన వేరైనను నల్లరేగడి నేలయు, నీటి కొరతయు ఇరువైపుల ఒక్కటియే.

నీటి మరుగుదొడ్లు వ్యాపింపకమునుపు పట్టణములలో నుండినవి పొడి పాయిఖానాలు. రెండు మూడు మెట్లపై రాతిపలకలు పరచి, నడుమ రంధ్రము విడిచి, దానిక్రింద తట్టనో డబ్బానో ఉంచెడివారు. వెనుకగోడలోని చిన్న ద్వారమునుండి పాకీపనివారు దానిని లాగి, చేతులతో ఎత్తి, మోసికొనిపోయెడివారు. ఆ ద్వారము వెనుకసందులోనికి తెరచుకొనెడిది. ఆ పనియు, ఆ మనిషియు ఇంటివారి కంటబడకుండుటయే ఆ కట్టడపు పరమార్థము. కులమునుబట్టి సంక్రమించిన ఆ పని స్త్రీలపైననే అధికముగ పడెను.

1775లో అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల నిర్మాత లండనులో వంపుగొట్టపు మరుగుదొడ్డికి పేటెంటు పొందెను. వంపులో నిలిచిన నీరు దుర్గంధమునకు మూతయగును. చెంబునీటితో పనిచేయు మన పళ్లెములలో ఈ నీటిమూత లోతు 20 మిల్లీమీటర్లు. పళ్లెపు అడుగు మిక్కిలి వాలుగా నుండుటచే ఒకటిన్నర, రెండు లీటర్ల నీరే చాలును. 1970లో సులభ్ సంస్థను స్థాపించిన బిందేశ్వర్ పాఠక్ ఇట్టి పళ్లెమును, జంటగుంటల పద్ధతిని దేశమున వ్యాపింపజేసెను.

తిన్నెను ఎత్తవలసిన కారణము ఇచటనే కలదు. వంపుగొట్టము పళ్లెము క్రింద ఇముడవలెను. అచటినుండి గుంటవరకు గొట్టము వాలుగా సాగవలెను. మూడు మీటర్ల గొట్టమునకు 30కి 1 వంతున వాలు పెట్టినచో 10 సెంటీమీటర్ల దిగుదల కావలెను. గుంట నోరు పైననుండినచో తిన్నెను ఎత్తుటయే గతి. రేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. కావున దానిని తొలగించి, గరుసు నింపి, దిమ్మిసకొట్టిన పిమ్మటనే పళ్లెమును కూర్చవలెను. లేనిచో అతుకులు విడును. మట్టము చూచి, నీరుపోసి పరీక్షించిన పిదపనే గచ్చుచేయుట మంచిది.

ప్రభుత్వము 1957లో నియమించిన మల్కానీ సంఘము పాకీపనివారి స్థితిని విచారించి 1960లో నివేదిక నిచ్చెను. పొడి పాయిఖానాలను నిషేధించిన చట్టము 1993లో గాని రాలేదు. అది మొదట వర్తించిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటకము రెండును ఉండుట గమనింపదగినది. 1953లో విడిపోయిన సీమను ఈ చట్టము మరల ఒక్కటిగ చూచెను. అయినను పని ఆగలేదు. కోలారు బంగారుగనుల తెలుగు కుటుంబమున 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆంధ్రప్రదేశ్ అధికారియైన ఎస్. ఆర్. శంకరన్ తోడ్పాటుతో సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నడిపెను. ఆ సంస్థ 2003లో సుప్రీంకోర్టు నాశ్రయించెను. 2013లో మరింత కఠినమైన చట్టము వచ్చెను. 2014 మార్చి 27న తీర్పు వెలువడెను. మురుగుకాలువలలో దిగి మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయల పరిహారము ఆ తీర్పున విధింపబడెను. 2023లో అది 30 లక్షలయ్యెను.

కావున తిన్నె ఎత్తినంతమాత్రమున కథ ముగియదు. క్రొత్త పళ్లెము పాత ట్యాంకులోనికే తెరచుకొన్నచో, వెనుకటి ద్వారము భూమిక్రిందికి మారినట్లేయగును. సందున నిలిచిన మనిషి ఇపుడు ట్యాంకులో దిగవలసివచ్చును. పళ్లెపు ధరయు, మేస్త్రీ కూలియు లెక్క వ్రాసికొను గృహస్థుడు, ట్యాంకును తోడు యంత్రపు బాడుగనుగూడ ఆ లెక్కలోనే చేర్పవలెను.