బేసల్ సెల్ కార్సినోమా: పుట్టుమచ్చ అనుకుని వదిలేసే చర్మ క్యాన్సర్

ముక్కు పక్కన చిన్న నల్లటి బుడిపె. నొప్పి లేదు, దురద లేదు. గడ్డం గీసుకునేటప్పుడు కాస్త రక్తం వస్తుంది, పక్కు కడుతుంది, మానినట్టే ఉంటుంది. నెల తిరిగేసరికి మళ్లీ మొదలు. బేసల్ సెల్ కార్సినోమా చాలామందిలో ఇలాగే మొదలవుతుంది.

తెల్లజాతివారు ఎక్కువగా ఉండే దేశాల్లో అత్యధికంగా కనిపించే క్యాన్సర్ ఇదే. హాలీవుడ్ నటుడు హ్యూ జాక్‌మన్ 2013లో ముక్కుపై దీనికి చికిత్స చేయించుకున్నారు. 2023 ఫిబ్రవరిలో జో బైడెన్ ఛాతీపై తొలగించిన మచ్చ కూడా ఇదేనని శ్వేతసౌధం వైద్యుడు వెల్లడించారు. భారత్‌లో మాత్రం అన్ని రకాల చర్మ క్యాన్సర్లను కలిపినా మొత్తం క్యాన్సర్లలో వాటి వాటా చాలా తక్కువ. చర్మంలోని మెలనిన్ కొంత రక్షణ ఇవ్వడమే ఇందుకు ప్రధాన కారణం.

చిక్కు కూడా ఆ మెలనిన్‌తోనే. ఇంటర్నెట్‌లో ఈ క్యాన్సర్ ఫొటోలు వెతికితే ముత్యంలా మెరిసే గులాబీ రంగు బుడిపెలే ఎక్కువగా కనిపిస్తాయి. ముదురు రంగు చర్మంలో సగానికి పైగా కేసుల్లో అది నల్లగానో, ముదురు గోధుమ రంగులోనో ఉంటుంది. చూసినవారు పుట్టుమచ్చో, పులిపిరో అనుకుంటారు.

చర్మం పైపొర అడుగున ఉండే బేసల్ కణాల్లో, ఏళ్ల తరబడి పడిన ఎండలోని అతినీలలోహిత కిరణాలు డీఎన్ఏను దెబ్బతీస్తాయి. కణాల పెరుగుదలకు బ్రేకులా పనిచేసే పీటీసీహెచ్1 జన్యువు పాడైతే అదుపు తప్పుతుంది. దిల్లీలో వేసవి మధ్యాహ్నాల్లో ఈ కిరణాల తీవ్రత చాలా ఎక్కువ. నోయిడా, గురుగ్రామ్‌లలో భవన నిర్మాణ కూలీలకు, రోడ్ల మీద ట్రాఫిక్ పోలీసులకు ఆ వేళ నీడ దొరకడం కష్టం. అయితే ఒక్క వేసవితో వచ్చే జబ్బు కాదిది. ఎక్కువగా యాభై దాటాక బయటపడుతుంది. తాగునీటిలో ఆర్సెనిక్, గతంలో తీసుకున్న రేడియేషన్ కూడా కారణం కావచ్చు.

ఇది ఇతర అవయవాలకు పాకడం చాలా అరుదు, ప్రాణం తీయడం అంతకన్నా అరుదు. ఆ మాట విని నిశ్చింతగా ఉండిపోవడమే ప్రమాదం. ఏళ్ల తరబడి వదిలేస్తే ముక్కు మృదులాస్థిని, కనురెప్పను, చివరికి ఎముకను కూడా తినేస్తుంది. పాత వైద్యులు దీన్ని 'ఎలుక కొరికిన పుండు' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచింది అందుకే.

నిర్ధరణకు బయాప్సీ ఒక్కటే నమ్మకమైన దారి. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చిన్న ముక్క తీస్తారు, కొద్ది నిమిషాల పని. దిల్లీలో ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్, రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రుల చర్మవ్యాధుల ఓపీడీల్లో చూపించుకోవచ్చు. కనురెప్ప మీదైతే ఎయిమ్స్‌లోనే రాజేంద్ర ప్రసాద్ నేత్ర కేంద్రం ఉంది. రెప్పలోని తైలగ్రంథుల్లో వచ్చే మరింత ప్రమాదకరమైన క్యాన్సర్ భారత్‌లో తక్కువేమీ కాదు కాబట్టి ఇక్కడ ఆలస్యం అసలే పనికిరాదు.

బయాప్సీ లేకుండా బ్యూటీ క్లినిక్‌లో లేజర్‌తో మచ్చ కాల్పించుకుంటే పైభాగం పోతుంది, అడుగున క్యాన్సర్ మిగిలిపోవచ్చు. పరీక్షకు ముక్క కూడా మిగలదు.

చిన్నగా ఉన్నప్పుడు చుట్టూ సుమారు 4 మిల్లీమీటర్ల ఆరోగ్యకరమైన చర్మంతో కలిపి కోసి తీసేస్తే చాలామందికి అక్కడితో సరిపోతుంది. ముఖంపై క్లిష్టమైన చోట్ల పొరలు పొరలుగా తీస్తూ, ప్రతి పొరనూ మైక్రోస్కోప్‌లో చూసే మోస్ శస్త్రచికిత్స మేలు. కానీ భారత్‌లో ఇది చేసే కేంద్రాలు తక్కువ. ఆపరేషన్ తట్టుకోలేని వృద్ధులకు రేడియేషన్ ఇస్తారు. బాగా ముదిరినవారికి విస్మోడెగిబ్ వంటి మాత్రలున్నాయి.

ఒకసారి వచ్చినవారికి మరోచోట కొత్తది వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే గాయం మానాక కూడా కనీసం ఏడాదికోసారి ఒళ్లంతా చూపించుకోమని వైద్యులు చెబుతారు.