బల్లిపట్టు పరికరాలు

బల్లి పాదాన్ని అనుకరిస్తూ, జిగురు లేకుండా నిలువు గోడ ఎక్కడానికి తయారైన సాధనాలు. నునుపైన గాజు మీద ఇవి మనిషి బరువును ఆపగలవని రుజువైంది.

'ఉడుంపట్టు' అంటాం కానీ, ఉడుముది గోళ్ల పట్టు. బల్లి వేళ్ల అడుగున కంటికి కనిపించని నూగు ఉంటుంది. ఒక్కో వెంట్రుక కొస వందల పాయలుగా చీలి గోడకు అతి దగ్గరగా చేరుతుంది. అప్పుడు పనిచేసేది అణువుల మధ్య వాన్ డర్ వాల్స్ ఆకర్షణ అని 2002లో కెల్లర్ ఆటమ్ బృందం చూపింది. కిందికి లాగితే పట్టు బిగుస్తుంది, వేళ్లు పైకి విరిస్తే వదులుతుంది.

బల్లిలా గోడ మీద నడవాలంటే మనిషి ఒంటి ఉపరితలంలో దాదాపు 40 శాతం అంటుపొరే కావాలని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు లెక్కగట్టారు. అయితే 2014లోనే స్టాన్‌ఫర్డ్‌లో ఇలియట్ హాక్స్ బృందం చేతికి 140 చదరపు సెంటీమీటర్ల చొప్పున సిలికోన్ పొరతో 70 కిలోల మనిషిని గాజుగోడ ఎక్కించింది. కిటుకు పొరలో కాదు, బరువు పంపకంలో ఉంది: ఒక్కో చేతిపలకలోని 24 బిళ్లలకూ స్ప్రింగులు భారాన్ని సమంగా పంచుతాయి. ఒక బిళ్ల జారినా మిగతావి నిలుస్తాయి.

కోనసీమ కొబ్బరి మానుకు మాత్రం ఇవి పనికిరావు. గరుకు, దుమ్ము, వానాకాలపు నాచు ఆ పొరను మానుకు తాకనివ్వవు. కాయలు దింపే కార్మికుల ప్రాణాలకు అక్కడ ఆధారం కాళ్లకు వేసుకునే తాడు బంధం, లేదా తీగతాడు ఉచ్చులతో మానును చుట్టే ఎక్కుడు యంత్రం. ఎక్కేవారి బరువే ఆ ఉచ్చును బిగిస్తుంది.