గౌసు నుండి టెస్లా వరకు

రేడియో పెట్టెలోని స్పీకరు వెనుక గుండ్రని అయస్కాంతము ఒకటి ఉండును. దాని ధ్రువముల నడిమి సన్నని సందులో తీగచుట్ట కదలుటచేతనే మనకు పాటయు, మాటయు వినవచ్చుచున్నవి. ఆ సందులో అయస్కాంత బలరేఖలు ఎంత దట్టముగా ఉన్నవో తెలుపు కొలతకే అయస్కాంత అభివాహ సాంద్రత అని పేరు. మంచి స్పీకరుకు అది పాత పట్టికలలో పదివేల గౌసులని అచ్చయి ఉండును. కొత్త పట్టికలలో ఒక టెస్లా. రెండును ఒకటే.

ఇట్టి మారకములు మన ప్రాంతమునకు కొత్తవి కావు. నిజాము కాలమున జనగామ స్టేషనులో రైలు దిగిన వర్తకుడు ఏడు హాలీ రూపాయలకు ఆరు ఇంగ్లీషు రూపాయలని నోటిలెక్క కట్టుకొనెడివాడు. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చినవి; అణాకు ఆరుంబావు పైసలు. ఆ పావు ఎవరి జేబులోనికి పోయినదో అంగడివానికే తెలియవలెను. మరుసటి యేట కిలోగ్రాము వచ్చి, ఎనుబది తులాల సేరును 933 గ్రాములు చేసినది. గౌసు, టెస్లాల నడుమ ఈ చిల్లర బాధ లేదు. పదివేలతో భాగించిన చాలును. చిక్కంతయు పేర్ల చరిత్రలో ఉన్నది.

1832లో గటింగెను నగరమున గౌసు పండితుడు భూమి అయస్కాంత బలమును పొడవు, ద్రవ్యరాశి, కాలము అను మూడింటితోనే కొలువవచ్చునని చూపినాడు. అంతకు పూర్వము ఒక ఊరి బలమును మరియొక ఊరి బలముతో పోల్చుటయే గాని, దానికి స్వతంత్రమైన అంకె లేదు. ఇంగ్లీషువారు మాత్రము అడుగు, గ్రెయిను, సెకండులతో తమ ప్రమాణమును వేరుగా కట్టుకొన్నారు. దానిలో ఒకటి 0.0461 గౌసునకు సమానము. 1900లో పారిస్ మహాసభ గౌసు పేరును ఖాయపరచినది కాని, ఆ పేరు అభివాహ సాంద్రతకా, క్షేత్ర తీవ్రతకా అన్న తగవు మిగిలిపోయినది. 1930లో గాని అది తీరలేదు: సాంద్రతకు గౌసు, తీవ్రతకు ఆయిర్స్టెడ్. 1960లో అంతర్జాతీయ తూనికలు కొలతల మహాసభ, 1943లో మరణించిన నికోలా టెస్లా పేరును కొత్త ప్రమాణమునకు పెట్టినది.

జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములలో భూమి క్షేత్రము సుమారు 0.43 గౌసు. ఇంగ్లీషు కొలతలో 9.3, గౌసులో లక్షవ వంతయిన గామాలలో 43,000. టెస్లాలో వ్రాసినచో దశాంశ బిందువు తరువాత నాలుగు సున్నాలు పెట్టవలసి వచ్చును గనుక, టెస్లాలో నూరు కోట్లవ వంతును నానోటెస్లా అన్నారు. అదృష్టవశాత్తు ఒక గామా సరిగా ఒక నానోటెస్లాయే. 1973లో క్యోటోలో భూఅయస్కాంత శాస్త్రజ్ఞులు కొత్త ప్రమాణములను అంగీకరించినప్పుడు గామాల పుస్తకములలోని ఒక్క అంకెయు చెరపవలసిన పని లేకపోయినది. కొలత మార్చినవారు జనులకు ఇంత కనికరము చూపుట అరుదు!

పాత పుస్తకములతో ఇప్పుడేమి పని యని అనరాదు. 1859 సెప్టెంబరు 2న సూర్యుని నుండి వచ్చిన తుపాను భూమిని తాకినది. దేశదేశముల తంతి తీగలు తబ్బిబ్బయినవి. ఆనాడు బొంబాయి కొలాబా వేధశాలలోని పరిశీలకులు తమ పరికరపు అంకెలను యథావిధిగా వ్రాసి పెట్టుకొన్నారు. 2003లో శాస్త్రజ్ఞులు ఆ వ్రాతలను వెలికితీసి, క్షేత్రము సుమారు 1,600 నానోటెస్లాలు పడిపోయినదని ప్రకటించినారు. అట్టి తుపాను మరల వచ్చినచో విద్యుత్తు తీగలకు, ఉపగ్రహములకు ఏమి ముప్పో ఊహించుటకు ఆ పాత అంకె నేడు ఆధారము. బొంబాయికి విద్యుత్ ట్రాములు రానున్నవని 1904లో వేధశాలను అలీబాగునకు తరలించినప్పుడు సైతము, రెండేండ్లు రెండు చోట్లను ఒకేసారి కొలిచి, పాత వరుసకు కొత్త వరుసను అతికిన పిదపనే కొలాబా పనిని ముగించినారు.

మన మహబూబాబాదు జిల్లా బయ్యారము గుట్టలలో ఇనుపరాయి ఉన్నది. అది ఖమ్మము జిల్లాలో ఉండగనే, 2014 పునర్విభజన చట్టము ఆ జిల్లాలో ఉక్కు కర్మాగారము సాధ్యమో కాదో చూడుమన్నది. 2016లో జిల్లా మారినను జనుల ఆశ మారలేదు. ఇనుపరాయి అన్నంతనే సూది కదలదు సుమా. మాగ్నటైటు రాయి సూదిని గట్టిగా లాగును, హెమటైటు మిక్కిలి స్వల్పముగా. కనుక ఇట్టి గుట్టలపై పరికరముతో తిరుగువాడు, చుట్టుపట్ల 43,000 ఉన్నచోట ఐదువందలు హెచ్చెనా, తగ్గెనా అని చూచుకొనును. ఆ ఐదువందలు పాత పటములో 500 గామాలు, మరియొక పటములో 0.005 గౌసు. ఇక్కడ ఒక్క సున్నా జారినచో ఐదువందలు ఏబదియై, త్రవ్వవలసిన చోటును సర్వేవాడు దాటిపోవును.