హిమశిఖరాల దారిలో మార్గదర్శులు

అల్లసాని పెద్దన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపం పూసుకొని క్షణకాలంలో హిమాలయం చేరుకున్నాడు. కొండ సొగసులన్నీ చూసి ఇంటికి మరలబోయే వేళకు ఆ పసరు మంచునీటికి కరిగిపోయింది. హిమగిరికి వెళ్ళడం కన్న తిరిగి రావడమే కష్టమన్న సత్యం తెలుగు పాఠకునికి ఆ ప్రబంధం నాటి నుండి పరిచితమే. ఇరవయ్యవ శతాబ్ది చివరి నాటికి మరొక రకం పాదలేపం సిద్ధమైంది. తగినంత ద్రవ్యం చెల్లిస్తే, అనుభవజ్ఞులైన మార్గదర్శుల వెంట, 8,000 మీటర్లకు మించిన శిఖరాలను సైతం అధిరోహించవచ్చునన్న ఏర్పాటు అది. ఈ ఏర్పాటు ఎలా రూపొందిందో పరిశీలిస్తే, అది శిఖరాల చరిత్ర కన్న బరువు మోసిన భుజాల చరిత్రగా కనిపిస్తుంది.

ప్రపంచంలోని అత్యున్నత శిఖరం ముందుగా లెక్కలలో దొరికింది. 1802లో మద్రాసు వద్ద విలియం లాంబ్టన్ ప్రారంభించిన మహా త్రికోణమితి సర్వే దక్కను మీదుగా ఉత్తరానికి సాగింది. 1818లో లాంబ్టన్‌కు సహాయకుడుగా చేరిన జార్జ్ ఎవరెస్టు కృష్ణా గోదావరుల నడుమ అడవులలో పనిచేస్తూ విషజ్వరం పాలయ్యాడు. ఆయన పదవీ విరమణానంతరం, 1852లో, సర్వే కార్యాలయ గణితజ్ఞుడు రాధానాథ్ సిక్దార్ 'పదిహేనవ శిఖరం' అన్నిటికన్న ఎత్తయినదని లెక్కగట్టాడు. 1856లో దాని ఎత్తు 29,002 అడుగులుగా ప్రకటితమైంది. 1865లో దానికి ఎవరెస్టు పేరు స్థిరపడింది. టిబెట్టువారు ఆ పర్వతాన్ని చొమోలుంగ్మా అని పిలిచేవారు. నేపాల్ ఇరవయ్యవ శతాబ్దిలో సాగరమాత అన్న పేరును స్వీకరించింది. లెక్క కట్టినవాని పేరు గాని, స్థానికులు పెట్టుకున్న పేరు గాని ప్రపంచ పటానికి ఎక్కలేదు. తరువాతి పర్వతారోహణ చరిత్రలోనూ ఇదే రీతి కొనసాగింది.

షెర్పా అనే మాటకు తూర్పువాడు అని అర్థం. సుమారు ఐదు వందల యేండ్ల క్రితం తూర్పు టిబెట్టు నుండి కనుమలు దాటి నేపాల్‌లోని సోలు, ఖుంబూ లోయలలో స్థిరపడిన జాతి వారిది. జడలబర్రెలను మేపడం, ఎత్తయిన కనుమల మీదుగా వర్తకం సాగించడం వారి జీవనం. వారు ఆరాధించే దేవతల నివాసాలు ఆ శిఖరాలే; వాటి నెత్తిన కాలు మోపాలన్న కోరిక వారికి లేదు. కూలిపనికై డార్జిలింగ్ చేరిన షెర్పాలలోని శక్తిని గుర్తించినవారిలో స్కాట్లాండుకు చెందిన రసాయన శాస్త్రవేత్త అలెగ్జాండర్ కెల్లాస్ ముఖ్యుడు. సిక్కిం పర్వతాలలో ఆయనకు తోడు నిలిచినవారు ముఖ్యంగా షెర్పాలు. 1921లో తొలి బ్రిటిష్ ఎవరెస్టు యాత్రలో పాల్గొంటూ ఆయన దారిలోనే మరణించాడు.

1922 జూన్ 7న ఉత్తర కనుమ క్రింద మంచుచరియ విరిగిపడి ఏడుగురు మోతగాండ్రు ప్రాణాలు కోల్పోయారు. దొరలలో ఒక్కరూ మరణించలేదు. ఆ దినం అక్కడ ఉన్న వైద్యుడు హోవర్డ్ సోమర్వెల్, తమవారిలో ఒక్కడైనా ఆ మరణంలో పాలు పంచుకొని ఉండవలసిందని ఆవేదన చెందాడు. ఆయన తన తరువాతి జీవితంలో అధికభాగం దక్షిణ భారతంలో, నెయ్యూరులోను వెల్లూరులోను, వైద్యసేవలో గడిపాడు. ఎవరెస్టుపై మరణాల పట్టిక మోతగాండ్ర పేర్లతో మొదలైందన్న విషయం మరువరానిది.

సింధునది వంపున ఉన్న నంగా పర్బత్ మరింత కఠినమైన సాక్ష్యమిచ్చింది. 1934లో జర్మన్ యాత్ర తుఫానులో చిక్కుకొన్నప్పుడు ముగ్గురు జర్మన్లతో పాటు ఆరుగురు షెర్పాలు అసువులు బాశారు. క్రిందికి దిగి ప్రాణం దక్కించుకొనే అవకాశం ఉన్నా గేలే అనే షెర్పా తన నాయకుడు విల్లీ మెర్కల్‌ను విడువక, ఆయనతో పాటే మంచులో ఒరిగిపోయాడు. 1937లో అదే పర్వతంపై ఏడుగురు జర్మన్లు, తొమ్మిదిమంది షెర్పాలు ఒక్క రాత్రిలో మంచు క్రింద సమాధి అయ్యారు.

1953 మే 29న టెన్సింగ్ నార్గే, ఎడ్మండ్ హిల్లరీ ఎవరెస్టు శిఖరం చేరడంతో ఈ చరిత్ర మలుపు తిరిగింది. టెన్సింగ్‌కు అది ఏడవ ఎవరెస్టు యాత్ర. ఈసారి ఆయన మోతగాండ్రకు సర్దారు మాత్రమే కాదు, అధిరోహక బృందంలో సభ్యుడు కూడా. అయినా ఆ యాత్ర ఆరంభంలో ఖాట్మండులోని బ్రిటిష్ దౌత్యకార్యాలయంలో షెర్పాలకు గారేజీలో పడకలు ఏర్పాటు చేయగా వారు నిరసన తెలిపారు. 1954 నవంబరులో జవహర్‌లాల్ నెహ్రూ ప్రోత్సాహంతో డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ వెలసింది. టెన్సింగ్ అక్కడ క్షేత్రశిక్షణకు తొలి సంచాలకుడయ్యాడు. బరువు మోసిన జాతికి చెందినవాడు బోధకుని ఆసనం అధిష్ఠించడం శిఖరవిజయానికి తీసిపోని సంఘటన. ఆయన మేనల్లుడు నవాంగ్ గోంబు 1963లో అమెరికన్లతోను, 1965లో ఎం.ఎస్. కోహ్లీ నాయకత్వంలోని భారత బృందంతోను ఎవరెస్టును రెండుమార్లు అధిరోహించిన ప్రథమ మానవుడయ్యాడు.

అంతవరకు ఈ యాత్రలు దేశాల పేరిట, సంస్థల పేరిట జరిగాయి. 1985 ఏప్రిల్ 30న 55 ఏళ్ళ అమెరికన్ వ్యాపారి డిక్ బాస్, డేవిడ్ బ్రీషర్స్ మార్గదర్శకత్వంలో, ఆంగ్ ఫుర్బా తోడుగా శిఖరం చేరడంతో కొత్త శకం ఆరంభమైంది. వృత్తి అధిరోహకుడు కానివాడు కూడా తగిన తోడు ఉంటే ఎవరెస్టు ఎక్కవచ్చునని లోకానికి తెలిసింది. 1992లో న్యూజిలాండుకు చెందిన రాబ్ హాల్ బృందం తమ యాత్రికులలో ఆరుగురిని శిఖరానికి చేర్చింది. అప్పటి నుండి మార్గదర్శక యాత్ర ఒక వృత్తిగా స్థిరపడింది.

ఈ యాత్ర నడిచే తీరు తెలిస్తే తప్ప దాని ధర్మం బోధపడదు. నేపాల్ వైపు 5,364 మీటర్ల ఎత్తున ప్రధాన విడిది. దాని పైన ఖుంబూ హిమానీనదం కొండ వాలున విరిగి, ఇళ్ళంతటి మంచుగడ్డలుగా చీలి నిత్యం కదులుతూ ఉంటుంది. ఆ చీలికలపై అల్యూమినియం నిచ్చెనలు పరచి దారి వేసేది షెర్పాలే. పై విడిదులకు డేరాలు, వంటగ్యాసు, ఆహారం, ప్రాణవాయువు సిలిండర్లు చేరవేసేదీ, శిఖరం దాకా తాళ్ళు కట్టేదీ వారే. శిఖరం వద్ద సముద్రమట్టంలోని ప్రాణవాయువులో మూడవ వంతు మాత్రమే లభిస్తుంది. కనుక యాత్రికుడు పలుమార్లు పైకెక్కి, దిగి, దేహాన్ని ఆ గాలికి అలవాటు చేసుకోవాలి. అతడు కొద్దిమార్లు దాటే ఆ ప్రమాదస్థలాన్ని బరువు మోసేవాడు అంతకు ఎన్నో రెట్లు దాటవలసి ఉంటుంది. యాత్రికుడు చెల్లించే సొమ్ములో ప్రధానభాగం కొనేది ఈ ప్రమాదాన్నే.

ద్రవ్యమనే పాదలేపం ఎంతటి అల్పమో 1996 మే 10, 11 తేదీల తుఫాను చాటింది. ఎవరెస్టు రెండువైపులా కలిపి ఎనిమిదిమంది మరణించారు. వారిలో మార్గదర్శులు రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఉన్నారు; ఉత్తరం వైపున ఇండో టిబెటన్ సరిహద్దు పోలీసు దళానికి చెందిన ముగ్గురు భారతీయులూ ఉన్నారు. కదలలేని తన యాత్రికుని విడువక హాల్ పైనే నిలిచిపోయాడు. మరునాడు ఆయనను కాపాడాలని ఇద్దరు షెర్పాలు ప్రాణాలకు తెగించి పైకి బయలుదేరి, గాలి తాకిడికి వెనుదిరిగారు. దారి చూపేవాడు దారిలో విడిచిపెట్టడన్న విశ్వాసం మీదనే ఈ వృత్తి నిలిచి ఉంది.

2014 ఏప్రిల్ 18న ఖుంబూలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. వారు బరువులు చేరవేస్తూ, దారి సిద్ధం చేస్తూ ఉన్నవారు. మృతుల కుటుంబాలకు మొదట ప్రకటించిన సహాయం 40,000 నేపాలీ రూపాయలు మాత్రమే. దుఃఖం ఆగ్రహంగా మారింది. షెర్పాలు పని నిలిపివేయడంతో నేపాల్ వైపు ఆ యేటి యాత్రలు దాదాపుగా ఆగిపోయాయి. వారి పోరాటం ఫలితంగా బీమా మొత్తం 15 లక్షల నేపాలీ రూపాయలకు పెరిగింది.

అదే వసంతంలో టిబెట్టు వైపు నుండి ఇద్దరు తెలుగు బిడ్డలు ఆ శిఖరాన్ని చేరారు. నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు. భువనగిరి రాతికొండపై మొదలైన వారి శిక్షణ డార్జిలింగ్ సంస్థలోను, లడఖ్ చలిలోను కొనసాగింది. 2014 మే 25న శిఖరం చేరిన నాటికి పూర్ణ వయస్సు 13 సంవత్సరాల 11 నెలలు. ఎవరెస్టు ఎక్కిన బాలికలలో ఆమె పిన్నవయస్కురాలుగా నిలిచింది. ప్రభుత్వ విద్యాలయం, శిక్షకులు, షెర్పాలు అందరూ కలిసి మోసిన విజయం అది. మార్గదర్శక యాత్ర సంపన్నుల వినోదంగానే మిగలనక్కరలేదని, తగిన శిక్షణ ముందుగా లభిస్తే పేదబిడ్డకూ అది తెరచిన ద్వారమని ఆ సంఘటన నిరూపించింది.

ఆ తరువాతి కాలం రెండు దృశ్యాలను మన ముందుంచింది. 2019 మేలో శిఖరం క్రింద అధిరోహకులు బారులు తీరి నిలిచిన ఛాయాచిత్రం లోకాన్ని కలవరపరచింది. 2021 జనవరి 16న పదిమంది నేపాలీలు, ఏ విదేశీయునికీ బరువు మోయకుండా, కె2 శిఖరాన్ని తొలిసారిగా శీతకాలంలో అధిరోహించి, చివరి అడుగులు కలిసి వేశారు. ఇంతలో షెర్పాలు సొంత సంస్థలు స్థాపించి యాత్రలకు యజమానులయ్యారు. కామీ రీతా షెర్పా 2025 మేలో 31వ సారి ఎవరెస్టు చేరుకున్నాడు. అదే సంవత్సరం సెప్టెంబరు నుండి విదేశీయులకు వసంతకాలపు అనుమతి రుసుమును నేపాల్ 11,000 డాలర్ల నుండి 15,000 డాలర్లకు పెంచింది.

రుసుము పెంచడంతో జనసమ్మర్దం కొంత తగ్గవచ్చు గాని యాత్రికుని అర్హత పెరగదు. చిన్న శిఖరాలపై పొందిన అనుభవం, వెనుదిరగమన్నప్పుడు వెనుదిరిగే వినయం, తన ప్రాణవాయువును మోసుకువచ్చినవాని పేరు తెలిసి ఉండడం, ఈ మూడూ ఉన్నవానికే ఆ దారి తగినది. ప్రభుత్వాలు, సంస్థలు తమ యువతను హిమాలయానికి పంపేటప్పుడు శిఖరం చేరినవారితో పాటు చేర్చినవారి పేర్లను కూడా విజయపత్రాలలో నమోదు చేయడం ఉచితం. 1922లో ఉత్తర కనుమ క్రింద ఒరిగిన ఏడుగురి నాటి నుండి చెల్లించవలసిన ఋణం అది.