రెండు నగరముల వెండి

సికిందరాబాదు మోండా మార్కెట్టునకు వచ్చు రైతు ఒకప్పుడు రెండు రూపాయల నెరిగియుండవలసి వచ్చెను: ఆంగ్లేయుల కల్దారు, నిజాము హాలీ సిక్కా. ఏడు హాలీలు ఆరు కల్దార్లకు సమానము. ఈ లెక్కకు మూలము వెండియే. కల్దారున వెయ్యింట 917 పాళ్లు వెండి, హాలీయందు 818 పాళ్లు. తూకమునను హాలీ తక్కువ.

జర్మనీ దేశమున చక్రవర్తికి దక్క అన్యులకు లోబడని న్యూరెంబర్గు నగరము, 18వ శతాబ్దమున ఇట్టి లెక్కను నాణెముపైననే అచ్చొత్తెను. దానిపై పట్టణ దృశ్యముతోపాటు, పది నాణెములకు ఒక మార్కు, అనగా సుమారు 234 గ్రాముల, మేలిమి వెండి యని కలదు. 1806లో ఆ నగరము బవేరియాలో కలిసెను. ఆ యేటనే సికిందర్ జా పేర సికిందరాబాదు వెలసెను.

చార్మినారు ముద్రగల హాలీ సిక్కాయు 1948 విలీనము పిమ్మట క్రమముగా తొలగెను. ఏలుబడులు పోయినను సాక్ష్యము నాణెమున మిగిలినది. పాత రూపాయలను కరిగించి కడియములు చేయించువారు ఒక్క మాట తలపవలెను: వెండి మరల దొరకును, అచ్చు దొరకదు.