తూము ఆగినా మత్తడి ఆగదు: దిల్‌సుఖ్‌నగర్ – ఎల్.బి.నగర్ నిర్మాణ చరిత్రలో రహదారి, నీటిదారి

వ్యాససంగ్రహం:

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల నిర్మాణ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మచిలీపట్నం బాట జాతీయ రహదారిగా, మెట్రో మార్గంగా ఎదిగిన క్రమాన్ని, అదే కాలంలో గొలుసుకట్టు చెరువుల నీటిదారి మరుగున పడిన క్రమాన్ని పక్కపక్కన ఉంచి చూస్తుంది. సేద్యం అంతరించినప్పుడు చెరువు తూముకు పని లేకపోయింది గాని, మత్తడికి పని పోలేదు. నగరపాలన ఈ తేడాను గుర్తించకపోవడమే నేటి ముంపునకు ఒక ప్రధాన కారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మూసీ, సరూర్‌నగర్ చెరువు, మత్తడి, జాతీయ రహదారి, మెట్రో, పట్టణీకరణ.

1. ప్రవేశిక:

హైదరాబాదు నగర చరిత్ర రచనలో పాతబస్తీకి, కంటోన్మెంటుకు, ఇటీవలి కాలంలో పశ్చిమాన వెలసిన సాఫ్ట్‌వేర్ నగరానికి దక్కిన స్థానం తూర్పు శివారుకు దక్కలేదు. నల్లగొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల నుంచి చదువుకో, ఉద్యోగానికో వచ్చినవారు మొదట దిగిన చోటుగానే ఈ ప్రాంతం చాలామందికి పరిచయం. అయితే ఒకే దారి వెంట ఒక నగరభాగం పొరలుపొరలుగా ఎలా నిర్మితమవుతుందో చూడడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ నగరంలో అరుదు.

ఇక్కడి భూస్వరూపాన్ని ముందుగా గమనించాలి. చాదర్‌ఘాట్ దగ్గర మూసీని దాటిన రహదారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి మీదుగా ఎల్.బి.నగర్‌కు సాగుతుంది. ఈ దారికి ఉత్తరాన మూసీ, దక్షిణాన చెరువులు. మనుషుల రాకపోకలు దారి వెంట సాగుతాయి. చెరువుల నీరు ఆ దారిని అడ్డంగా దాటి మూసీని చేరుతుంది. ఈ ప్రాంత నిర్మాణ చరిత్రంతా ఈ రెండు గమనాల మధ్య నడిచింది.

2. మచిలీపట్నం బాట:

కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండను మచిలీపట్నం రేవుతో కలిపిన వర్తకమార్గం ఈ దిక్కుగానే సాగింది. హయాత్ బక్షీ బేగం పేరిట వెలసిన హయత్‌నగర్‌లోని మసీదు, దాని ప్రాంగణంలోని సత్రపు గదులు ఆ మార్గానికి నేటికీ సాక్ష్యాలు. 1831లో చాదర్‌ఘాట్ వంతెన పూర్తికావడంతో మూసీ దక్షిణతీరాన తూర్పుగా విస్తరించడానికి నగరానికి వీలు కలిగింది. స్వాతంత్ర్యానంతరం ఈ దారి పూణె – మచిలీపట్నం 9వ నెంబరు జాతీయ రహదారిలో భాగమైంది. 2010లో జరిగిన పునర్వ్యవస్థీకరణలో దానికి 65వ నెంబరు వచ్చింది. పేర్లూ నెంబర్లూ మారాయి గాని దిశ మారలేదు.

3. చెరువుల వరుస:

తెలంగాణ పీఠభూమిలో చెరువు ఒంటరిగా ఉండదు. ఎగువ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు దిగువ చెరువుకు చేరుతుంది. కట్ట, తూము, మత్తడి అనే మూడు అంగాలతో ఈ వ్యవస్థ నడిచేది. కట్ట నీటిని నిలుపుతుంది. తూము ఆయకట్టుకు నీటిని వదులుతుంది. మత్తడి మిగులు నీటిని క్షేమంగా సాగనంపుతుంది. తూము ఎప్పుడు తెరవాలో, ఎంత తెరవాలో చూసుకోవడానికి ఊరికి ఒక నీరటి ఉండేవాడు. సరూర్‌నగర్, మన్సూరాబాద్, నాగోల్, బండ్లగూడ చెరువులు ఈ వ్యవస్థకు చెందినవే.

1908 సెప్టెంబరు 28న వచ్చిన మూసీ వరద ఈ వ్యవస్థకు ఉన్న మరో ముఖాన్ని చూపింది. పరీవాహక ప్రాంతంలోని వందలాది చెరువుల్లో రెండువందలకు పైగా తెగిపోవడం ఆ విపత్తును తీవ్రం చేసింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనల ఫలితంగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది. ఈ రెండు జలాశయాలూ నగరానికి పడమర, ఎగువన ఉన్నాయి. అవి మూసీ ప్రధాన ప్రవాహాన్ని అదుపు చేయగలవు. వాటికి దిగువన, నగరానికి తూర్పున మూసీలో కలిసే వాగుల మీద వాటికి ఏ అధికారమూ లేదు. ఆ పని చెరువుల వరుసకే మిగిలింది.

4. కాలనీల విస్తరణ:

ఇరవయ్యో శతాబ్ది చివరి దశాబ్దాల్లో పొలాలు ప్లాట్లయ్యాయి. పి అండ్ టి కాలనీ, ఎన్జీవోస్ కాలనీ, సింగరేణి కాలనీ వంటి పేర్లే ఇక్కడ స్థిరపడినవారు ఎవరో చెబుతాయి. జీవితకాలపు పొదుపుతో సొంత ఇల్లు కట్టుకున్న ఉద్యోగ కుటుంబాలు వీరిలో అధికం. ఆయకట్టు పోవడంతో తూముకు పని లేకపోయింది; నీరటి వృత్తి కనుమరుగైంది. 2004లో మొదటిదశ పూర్తయిన కృష్ణా తాగునీటి పథకం సాహెబ్‌నగర్ జలాశయం ద్వారా నగరానికి నీరు తెచ్చింది. నీళ్లు వంద కిలోమీటర్లకు పైగా దూరం నుంచి గొట్టాల్లో వస్తున్నప్పుడు పక్కనున్న చెరువుతో కాలనీకి అవసరం తీరిపోయింది. చెరువులోకి మురుగు చేరింది. మురుగుతో ఏడాది పొడవునా నిండి ఉండే చెరువుకు వానకాలపు నీటిని పట్టి ఉంచే చోటు తగ్గుతుంది. అంటే మత్తడి ముందుకంటే త్వరగా దూకుతుంది. ఆ నీరు పోవలసిన చోట అప్పటికే ఇళ్లు వెలిశాయి.

పాలనావిభజన ఈ స్థితికి తోడైంది. గడ్డిఅన్నారం, ఎల్.బి.నగర్ మునిసిపాలిటీలు 2007 ఏప్రిల్ 16న మహానగరపాలక సంస్థలో విలీనమయ్యే వరకు వేర్వేరుగా ఉండేవి. 1975లో ఏర్పడిన హుడా ప్రణాళికలు వేరు, రహదారి శాఖ వేరు, చెరువుల అజమాయిషీ వేరు. నీటిదారిని మొదటి నుంచి చివరి వరకు చూడవలసిన బాధ్యత ఏ ఒక్కరిదీ కాలేదు.

5. మెట్రో, పైవంతెనలు:

2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి సంస్థతో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమైన మెట్రోలో మియాపూర్ – ఎల్.బి.నగర్ మొదటి కారిడార్. ఇందులో అమీర్‌పేట – ఎల్.బి.నగర్ మధ్య సుమారు 16 కిలోమీటర్ల మార్గం 2018 సెప్టెంబరు 24న ప్రారంభమైంది. యార్డులో ముందే పోతపోసిన కాంక్రీటు ఖండాలను తెచ్చి, రోడ్డు నడుమ లేచిన స్తంభాల మీద ఉక్కుతీగల బిగింపుతో కలిపే పద్ధతి ఇక్కడ అనుసరించారు. రద్దీ రహదారిని పూర్తిగా మూయకుండా పని సాగించడానికి ఈ పద్ధతి తోడ్పడుతుంది.

వ్యూహాత్మక రహదారుల అభివృద్ధి పథకం కింద కామినేని కూడలి పైవంతెన ఒక వైపు 2018 ఆగస్టులో, ఎల్.బి.నగర్ కూడలి ఎడమ పైవంతెన 2019 మార్చిలో, కుడి పైవంతెన 2023 మార్చిలో వాడుకలోకి వచ్చాయి. 2020 మేలో అండర్‌పాస్, 2024 మార్చిలో బైరామల్‌గూడ రెండో అంతస్తు పైవంతెన తెరిచారు. విజయవాడ వైపు రాకపోకలు, ఇన్నర్ రింగ్ రోడ్డు రద్దీ కలిసే ఈ కూడళ్లకు ఇవి అవసరమైన నిర్మాణాలే. వీటివల్ల మిగిలిన సమయాన్ని తక్కువ చేసి చూడలేము. గమనించవలసింది మరొకటి: ఆరేళ్ల వ్యవధిలో రహదారికి ఇన్ని అంతస్తులు సమకూరగా, దానిని అడ్డంగా దాటే నీటికి అటువంటి శ్రద్ధ దక్కలేదు.

6. 2020 అక్టోబరు:

2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన అసాధారణ వర్షానికి సరూర్‌నగర్ చెరువు పొంగింది. దిగువన ఉన్న కోదండరాంనగర్ మొదలైన కాలనీలు నీట మునిగాయి. ఇది కేవలం అతివృష్టి ఫలితమన్న వాదన ఉంది. అందులో కొంత నిజం ఉంది. అంతటి వాన ఏ కాలువకైనా పరీక్షే. కాని వాన ఎంత పడిందన్నది ఒక ప్రశ్న, పడిన నీరు ఏ వీధుల్లో ఎందుకు నిలిచిందన్నది వేరొక ప్రశ్న. రెండో ప్రశ్నకు సమాధానం ఆకాశంలో కాక పాత గ్రామ నక్షాల్లో దొరుకుతుంది. మత్తడి నీరు కొత్త దారి వెదకలేదు. తన పాత దారిలోనే వచ్చింది. నష్టపోయినవారు ఆ దారి సంగతి తెలియకుండా స్థలం కొన్న కుటుంబాలు.

ఆ తరువాత 2021లో నాలాల అభివృద్ధికి ప్రత్యేక పథకం మొదలైంది. 2024 జూలైలో చెరువులు, ప్రభుత్వ ఆస్తుల పరిరక్షణకు హైడ్రా ఏర్పడింది. నీటిదారిని మళ్లీ ప్రజా నిర్మాణంగా గుర్తించిన తొలి అడుగులుగా వీటిని చూడవచ్చు. నీటిదారిని కాపాడడంలో ఇల్లు కోల్పోయే పేదవాడికి న్యాయం ఎలా అన్న ప్రశ్న మాత్రం మిగిలే ఉంది.

7. ముగింపు:

2024లో రాష్ట్ర ప్రభుత్వం ఆమోదించిన మెట్రో రెండోదశ ప్రతిపాదనల్లో ఎల్.బి.నగర్ – హయత్‌నగర్ మధ్య 7.1 కిలోమీటర్ల మార్గం, నాగోల్ నుంచి ఎల్.బి.నగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి 36.8 కిలోమీటర్ల మార్గం ఉన్నాయి. మచిలీపట్నం బాట మీద మరో పొర సిద్ధమవుతోందన్నమాట. స్తంభపు పునాదికి నేల గట్టితనాన్ని పరీక్షించినట్లే, ఆ నేల మీదుగా ఒకప్పుడు ఏ మత్తడి నీరు పారిందో కూడా పరిశీలించడం నిర్మాణంలో భాగం కావాలి. ఇందుకు గ్రామ నక్షాలు, రెవెన్యూ దస్తావేజులు, పాత కాలనీవాసుల జ్ఞాపకాలు ఆధారాలు. వాటిని సేకరించి ఒక వరుసలో పెట్టడం చరిత్ర పరిశోధకుల పని. ఇంజనీరు చేతికి ఆ పటం అందినప్పుడే తూర్పు హైదరాబాదు చరిత్ర పుస్తకం దాటి ప్రయోజనం పొందుతుంది.