శాస్త్రనామాల్లో మన బంగారు పాము

కట్లపాము శాస్త్రనామం బంగారస్ సెరూలియస్. అందులో మొదటి మాట లాటిన్ వేషం కట్టిన మన తెలుగు బంగారమే.

1753కు ముందు ఐరోపాలో మొక్క పేరంటే ఓ వర్ణన. టమాటా పేరు చెప్పాలంటే ముళ్లులేని మెత్తని కాండం, చీలికల ఆకులు, కొమ్మలు వేయని పూగుత్తులు గల సొలానం అంటూ లాటిన్‌లో ఏకరువు పెట్టాలి. స్వీడన్ వైద్యుడు కార్ల్ లినేయస్ దాన్ని సొలానం లైకోపెర్సికం అని రెండు మాటల్లో తేల్చేశాడు. 1758లో జంతువులకూ అదే పద్ధతి పెట్టాడు. మొదటిది ప్రజాతి, రెండోది జాతిని గుర్తించే మాట. ఇంటిపేరు ముందు చెప్పుకునే తెలుగువాళ్లకు ఈ వరస కొత్తేమీ కాదు.

1781లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు, తమ్ముడి ఉద్యోగం కారణంగా విశాఖపట్నం చేరాడు. పాముకాట్లు చూసి, విషమున్నవేవో లేనివేవో జనానికి తెలియాలని పాములు సేకరించాడు. కోళ్ల మీద, కుక్కల మీద విషాన్ని పరీక్షించాడు. కోరమాండల్ తీరపు పాముల మీద 1796లో వచ్చిన ఆయన పుస్తకంలో బొమ్మల పక్కన లాటిన్ జంటపేర్లు కాదు, స్థానికులు చెప్పిన పేర్లే ఉన్నాయి. పసుపు పట్టీల పాము పక్కన బంగారు పాము అని ఉంది. ఆ పేర్లు చెప్పినవాళ్ల పేర్లు మాత్రం శాస్త్రనామాల్లోకి ఎక్కలేదు.

ఆ పాముకు 1801లో జర్మనీకి చెందిన ష్నైడర్ సూడోబోవా ఫాసియాటా అని పేరు పెట్టాడు. రెండేళ్లకు ఫ్రాన్సులో డోదాఁ దానికోసం బంగారస్ అనే ప్రజాతినే కట్టాడు. అందుకే నేడు బంగారస్ ఫాసియాటస్ అని రాసి, ష్నైడర్ పేరును, సంవత్సరాన్ని బ్రాకెట్లో పెడతారు. ప్రజాతి మారిందని ఆ బ్రాకెట్టే చెబుతుంది. పసుపు పట్టీ ఒక్కటీ లేని కట్లపామూ ఆ ప్రజాతిలోదే కాబట్టి దానికీ బంగారం దక్కింది. సెరూలియస్ అంటే నీలం. పాము చూస్తే నలుపు, తెల్లటి గీతలు! పేరు వర్ణించాలనే నియమం లేదు, ఒక్కదాన్నే సూచిస్తే చాలు. ఇది సరైన నియమమే; లేకపోతే రోజుకో పేరు మార్చాల్సి వచ్చేది.

ముందు పెట్టిన పేరుదే హక్కు, జంతువుల్లో లెక్క మొదలయ్యేది 1758 నుంచి. లినేయస్ 1766లో మన పొట్టితోక పిట్టను కాకుల్లో కలిపాడు. 1816లో వియెయో పిట్టా అనే ప్రజాతి పెట్టాడు. అదీ తెలుగు మాటే. లినేయస్ పెట్టిన రెండో మాట బ్రాక్యూరస్ మాత్రం కదల్లేదు, చివర బ్రాక్యూరా అయిందంతే.

రస్సెల్ రాసుకున్న కాటుకరేకులపొడ అనే పేరుకు ఆ అదృష్టం లేదు. 1797లో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు షా ఆ పాముకు రస్సెల్ పేరే పెట్టాడు. ఆ ఇంటిపేరులోని రెండు ‘ఎల్’లలో ఒకటి మింగేశాడు కూడా, తొలి అక్షరక్రమమే చెల్లుతుంది గనక నేటికీ అలాగే రాస్తున్నారు. ఇప్పుడు మనం దాన్ని రక్తపింజర అంటున్నాం. మీ ఊళ్లో పాత పాముపేర్లు తెలిసిన పెద్దలుంటే, ఏ పేరు ఏ పాముదో ఫొటో చూపించి అడిగి రాసిపెట్టండి.